మరో ఏడాది నిరుద్యోగం పొడిగించడమైనది

మా జిల్లాలో నిరుద్యోగం ఎందుకుందో జిల్లా ఉపాధి అధికారి పరాంకుశరావు గారు కనిపెట్టిన రోజున నేను ఆయన ఆఫీసు వరండాలోనే ఉన్నాను. గొప్ప చెప్పుకోవడానికి రాయడం లేదు. కార్డు రెన్యువల్ చేయించుకుందామని వెళ్లాను, అంతే.

నా పేరు భ్రమరాంబ. బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను. మా వంశంలో పట్టా పుచ్చుకున్న మొదటిదాన్ని నేనే. ఆ పట్టాకు మా నాయన అద్దం కట్టించి, తన మోటారు వైండింగ్ షాపులో దేవుడి పటాల వరసలో తగిలించాడు. పొద్దున్నే ఊదుబత్తి దానికీ తిప్పుతాడు. మా అమ్మ పలకల షెడ్డులో పని చేస్తుంది. బడిపిల్లలు రాసుకునే రాతి పలకలు. వాటిని రుద్ది రుద్ది నునుపు చేస్తుంది. ఆ పొడికి ఆమెకు దగ్గు పట్టుకుని మూడేళ్లయింది. నాకు ఉద్యోగం వచ్చిన రోజున అమ్మ షెడ్డు మానేయాలని మా ఇంట్లో ఒప్పందం. ఒప్పందం మీద ముగ్గురం నిలబడే ఉన్నాం. ఉద్యోగమే రాలేదు.

ఉపాధి ఆఫీసులో పద్ధతి సులభంగా ఉండేది. ఎవరు ముందు పేరు రాయించుకుంటే వారు ముందు. ఎక్కడైనా ఖాళీ వస్తే పై నుంచి పేర్లు పంపుతారు. ఆ రోజు సీనియర్ అసిస్టెంటు జిలానీ గారు రిజిస్టరు తెరిచి, వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ వచ్చారు.

"నీటి పరీక్షా కేంద్రంలో ల్యాబ్ అసిస్టెంటు మూడు నెలల్లో రిటైరవుతుండాడు. కెమిస్ట్రీ వాళ్లను అడుగుతారు. నీ పైన ఇద్దరుండారు. ఒకాయన కోళ్లఫారం పెట్టుకున్నాడు. ఒకామెకు టీచరుద్యోగం వచ్చింది. ఇంక మొదట నువ్వే తల్లీ."

నాలుగేళ్లలో ఆ రిజిస్టరు నాతో మాట్లాడిన మొదటి మంచి మాట అది. నేను దండం పెట్టేలోపే జీపు వచ్చి ఆగింది. పరాంకుశరావు గారు దిగారు. రాజధానిలో 'ఉద్యోగాన్వేషణలో సామాజిక మాధ్యమాల సమర్థ వినియోగం' అనే అంశం మీద రెండు రోజుల శిక్షణ పొంది వస్తున్నారు. చంకలో శిక్షణలో ఇచ్చిన సంచి ఉంది. చేతిలో గుండ్రటి దీపం ఒకటి ఉంది. ఫోటోలు తీసుకునేవాళ్లు ముఖం ముందు పెట్టుకునే రింగ్ లైట్ అది.

"జిలానీ, దీన్ని ఎక్కడ పెడదాం?"

"ప్లగ్గు ఒకటే ఉంది సార్. దానికి మంచినీళ్ల మిషను పెట్టుకున్నాం."

"మిషను పీకండి. దీపం పెట్టండి."

దీపం పెట్టారు. మిషను మీద 'శుద్ధజలం' అని రాసిన బోర్డు మాత్రం అలాగే ఉంది. ఆ వెలుగులో నిలబడి సారు మాట్లాడారు.

"అభ్యర్థులారా. ఉద్యోగాలు లేకపోవడం వల్లనే నిరుద్యోగం ఉన్నదని చిరకాలంగా ఒక అపోహ వ్యాప్తిలో ఉన్నది. అది శాస్త్రీయం కాదు. మీరు కనిపించడం లేదు. అదే మూలకారణం. కనిపించని అభ్యర్థిని కొలువు ఏ విధంగా వరిస్తుంది?"

నా వెనక చెంచయ్యన్న చెయ్యెత్తాడు. ఎంఏ హిస్టరీ. చేతిలో బటన్ల ఫోను. "సార్, నేను పదకొండేళ్ల నుంచి ఈ వరండాలోనే కనిపిస్తుండా గదా."

"భౌతికంగా కనిపించడం కనిపించడం కిందికి రాదు" అన్నారు సారు.

వారం లోపు సర్క్యులర్ వచ్చింది. వరస పద్ధతి రద్దయింది. దాని స్థానంలో 'కనిపింపు సూచిక' వచ్చింది. నేను దాన్ని రెండుసార్లు చదివి, నోటు పుస్తకంలో ఎక్కించుకున్నాను. మూడవ నిబంధన ఇది: "అభ్యర్థి ప్రతిదినము కనీసం ఒక పోస్టు పెట్టవలెను. సదరు పోస్టును, దానికి లభించిన లైకులను రంగులలో ముద్రింపజేసి, గెజిటెడ్ అధికారి ధ్రువీకరణతో రెండు ప్రతులు దాఖలు పరచవలెను." నాలుగవది: "రక్తసంబంధీకుల లైకులు చెల్లవు. లైకు చేసిన వ్యక్తి తనకు బంధువు కాడని అభ్యర్థి రెవెన్యూ అధికారి నుండి పత్రము తేవలెను."

నేను ఖాతా తెరిచాను. 'నిరుద్యోగి' అని రాయకూడదని, 'అవకాశాల అన్వేషి' అని రాయాలని సారు చెప్పారు.

"పదకొండేళ్ల అన్వేషి అని రాయమంటారా సార్?" అని చెంచయ్యన్న అడిగాడు.

"దానిని అనుభవం గడిలో రాయండి."

చెంచయ్యన్న దగ్గర ఖాతా తెరిచే ఫోనే లేదు. ఆయన పేరు ఎదురుగా జిలానీ గారు సున్నా వేసి, దాని చుట్టూ సున్నా చుట్టారు.

నా మొదటి పోస్టులో నేను నవ్వుతూ ఉన్నాను. "ఈ రోజు కూడా ఉద్యోగం రాలేదు. అయినా ఈ రోజు నాకెంతో నేర్పింది" అని రాశాను. శిక్షణ సంచిలోని పుస్తకంలో అలాగే రాయమని ఉంది. నాలుగు లైకులు వచ్చాయి. ప్రింటు తీయించి రెవెన్యూ ఆఫీసుకు తీసుకెళ్లాను. అక్కడి అధికారి నలుగురి పేర్లూ చూసి కళ్లజోడు తీశాడు.

"ఈ ఊళ్లో ఎవురికి ఎవురు బంధువని అడుగు పాపా, నిలబడి రాసిస్తా. కాదని ఎట్ల రాసేది? రేపు ఏ పెళ్లిలోనో ఇద్దరూ ఒకే బంతిలో కూర్చుంటే నా సంతకం ఏం గాను?"

చివరకు ఇద్దరు కాదని రాసిచ్చాడు. వాళ్లు పక్క జిల్లా వాళ్లు.

రెండు లైకులతో మూడు నెలల్లో ఎక్కడికి చేరతానని ఇంట్లో దిగులుపడ్డాను. మా నాయన అది విన్నాడు. మరునాటి నుంచి, కాలిపోయిన మోటారు బాగు చేయించుకోవడానికి వచ్చిన ప్రతి రైతునీ ఆపడం మొదలుపెట్టాడు.

"మోటారు ఎత్తుకపో బాబాయ్. పొయ్యే ముందు మా పాపకు ఒక లైకు కొట్టిపో."

"లైకంటే ఏందిరా?"

"ఈడ బొటనేలు బొమ్మ ఉంది చూడు. దాని మీద నీ బొటనేలు పెట్టు."

ఆ పెద్దాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మా నాయన ఇట్నే ఒకసారి వేలు పెట్టి రెండెకరాలు పోగొట్టుకున్నాడు. మోటారు నీకాడే ఉండనీ."

ఆ సాయంత్రం అమ్మ షెడ్డు నుంచి వచ్చి, చేతులు కడుక్కుంటూ నా ఫోను వైపు చూసింది. బూడిదరంగు నీళ్లు కారుతున్నాయి. "నీ నవ్వు మొకం చూసి ఎవురిస్తారే ఉజ్జోగం? నీకు వచ్చిన పనేదో అది పెట్టగూడదా?" అంది. దగ్గు ఆగాక ఇంకో మాట అంది. "నేను పలక అమ్ముకోవాలంటే పలక చూపిస్తా. నా మొకం చూపిస్తానా?"

నాకు వచ్చిన పని నీళ్లు. మా నాయన పళ్ల మీద పసుపు చారలు ఉంటాయి. బీడీల వల్ల అని కొత్తవాళ్లు అనుకుంటారు. ఆయన జన్మలో బీడీ ముట్టలేదు. ఆ చారలు మా బోరు నీళ్లవి, ఫ్లోరైడువి. అది తెలుసుకోవాలనే కెమిస్ట్రీలో చేరాను. చివరి ఏడాది ప్రాజెక్టుకు మా లెక్చరరు ఇచ్చిన పరీక్ష పెట్టె నా దగ్గరే ఉంది. చిన్న గాజు గొట్టంలో నీళ్లు తీసుకుని మందు చుక్కలు వేయాలి. గులాబీ రంగు నిలిస్తే తాగొచ్చు. పసుపుకు తిరిగితే కూడదు.

మరుసటి రోజు మా వీధి బోరు నీళ్లు పరీక్ష చేసి, రంగు కనపడేలా ఫోటో తీసి పెట్టాను. "మా వీధి బోరు. పసుపు. వండుకోవద్దు, తాగొద్దు. బట్టలకు పనికొస్తుంది." అంతే రాశాను. నవ్వలేదు.

సాయంత్రానికి అరవై మంది చూశారు. పక్కవీధి వాళ్లు బాటిలు తెచ్చి గుమ్మంలో పెట్టారు. దాని పక్క వీధి వాళ్లు బిందె తెచ్చారు. నేను రోజుకు ఒకటి రెండు వీధుల చొప్పున చేశాను. బజారు బోరు, గులాబీ. పాతబస్టాండు పంపు, పసుపు. హైస్కూలు బోరు, ముదురు పసుపు. హైస్కూలు ఫోటో పెట్టిన రోజున తల్లులు హెడ్మాస్టరు గారి దగ్గరకు వెళ్లారు. వారంలో స్కూలుకు ట్యాంకరు వచ్చింది. మోటారు వదిలేసి వెళ్లిన పెద్దాయన కూడా ఊరి నీళ్లు సీసాలో పట్టుకుని వచ్చాడు. "వేలు యాడ పెట్టాల్నో చెప్పు" అన్నాడు.

రెండు నెలలు తిరిగేసరికి నన్ను అనుసరించేవాళ్లు ఇరవై ఒక్క వేలయ్యారు. వాళ్లెవరూ నాకు బంధువులు కారని రాసివ్వమంటే రెవెన్యూ ఆఫీసరు సెలవు పెట్టాడు. పరాంకుశరావు గారు నాలుగవ నిబంధనను నా వరకు సడలించారు. నా లైకుల మీద స్వయంగా ఆకుపచ్చ ఇంకుతో సంతకాలు పెట్టారు. ఒక దశలో ఇంకు అయిపోయింది. ఇంకు కోసం పెట్టిన ఇండెంటు మీద సంతకం చేయడానికి కూడా ఆకుపచ్చ ఇంకే కావాలట. రెండు రోజులు జిల్లాలో ఎవరి లైకులూ ధ్రువపడలేదు.

రాష్ట్రంలోని జిల్లాలన్నింటినీ పోల్చి చూస్తే 'కనిపింపు సూచిక'లో మా జిల్లా మొదటి స్థానంలో ఉందని తేలింది. నన్ను తీసేసి లెక్కిస్తే చివరి స్థానం అని జిలానీ గారు నాకు మాత్రం చెప్పారు.

టౌన్‌హాలులో సన్మానం చేశారు. 'ఆదర్శ నిరుద్యోగి' అని బ్యానరు కట్టారు. శాలువా కప్పారు. సారు మైకు తీసుకున్నారు.

"నిరుద్యోగులు అనేకులు ఉండవచ్చు. కానీ ఇటువంటి నిరుద్యోగి ఏ జిల్లాకో గాని లభించదు. ఆమె ఇదే స్థితిలో నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా ఆకాంక్షిస్తున్నాను."

హాలంతా చప్పట్లు కొట్టింది. మా నాయన కొట్టాలా వద్దా అని అమ్మ వైపు చూశాడు. అమ్మకు అప్పుడే దగ్గు వచ్చింది.

మర్నాడే నీటి పరీక్షా కేంద్రం నుంచి ఉత్తరం వచ్చింది. ల్యాబ్ అసిస్టెంటు కావాలి, ఈ నెల ముప్ఫై లోపు అభ్యర్థిని పంపగలరు అని. సారు నన్ను పిలిపించారు. కూర్చోమన్నారు. ఆ గదిలో నన్ను కూర్చోమనడం అదే మొదటిసారి. కాబట్టి నాకు అప్పుడే అనుమానం రావలసింది.

"అమ్మా భ్రమరాంబ గారూ. ఉద్యోగం వచ్చిన అభ్యర్థి పేరు ఏమవుతుంది?"

"రిజిస్టరులోంచి కొట్టేస్తారు సార్."

"కొట్టేస్తే మీ ఇరవై ఒక్క వేలు?"

"నాతోనే వస్తారు సార్."

"అదే సమస్య" అన్నారు ఆయన. "ఏ జిల్లా అయినా తన మొదటి స్థానాన్ని తన చేతులతో ఒక ల్యాబుకు పంపుకుంటుందా? ఉద్యోగం ఎవరైనా చేయగలరు. నిరుద్యోగాన్ని ఈ స్థాయికి తీసుకువెళ్లినవారు మీరొక్కరే. పై నెల రాష్ట్రస్థాయి పోటీలు ఉన్నాయి."

"సార్, మా అమ్మ పలకల షెడ్డు మానేయాలి."

"తప్పక మానుతారు. పోటీల అనంతరం."

ఇంటికి వెళ్లేలోపే జిలానీ గారు కాగితం చేతికిచ్చారు. తల వంచుకుని ఇచ్చారు. "ప్రజాప్రయోజనముల దృష్ట్యా, అభ్యర్థిని కుమారి భ్రమరాంబ నిరుద్యోగము మరో ఏడాది కాలము పొడిగించడమైనది" అని ఉంది. కింద ఆకుపచ్చ సంతకం.

"మరి ల్యాబుకు ఎవర్ని పంపుతున్నారు సార్?"

"ఎవురు పోతే సూచిక తగ్గదో వాళ్లను. సున్నా ఉండే వాడు జిల్లా మొత్తానికి ఒక్కడే."

చెంచయ్యన్నను పంపారు. ఎంఏ హిస్టరీ అయినా సూచిక దృష్ట్యా అర్హుడే అని ఫైలులో రాశారు. చెంచయ్యన్న చొక్కా ఇస్త్రీ చేయించుకుని వెళ్లి, మధ్యాహ్నానికి మా షాపుకు వచ్చాడు.

"విశాలాక్షి మేడం అంట చెల్లెమ్మా, పెద్ద కెమిస్టు. ఫ్లోరైడు ఎట్ల తెలుస్తుందయ్యా అనింది. భ్రమరాంబ ఇంటి ముందర బాటిలు పెడితే తెలుస్తుంది మేడం అన్నా. ఆమె కుర్చీలో ఇట్ల ముందుకొచ్చింది. ఆ అమ్మాయి ఎవురో నేనూ రోజూ చూస్తుండా, ఆమెను పంపకుండా నిన్నెందుకు పంపినారు అనింది. నన్ను చూసేవాళ్లు ఎవురూ లేరు గాబట్టి అన్నా."

"ఆమె ఏమన్నారన్నా?"

"నవ్వింది, ముందు. తర్వాత నవ్వలా. ముప్పయ్యో తేదీ సాయంత్రం దాకా ఖాళీగానే పెడతా, ఆఫీసు పంపితేనే తీసుకుంటా, రూలు అట్లుంది అని చెప్పమనింది."

చెంచయ్యన్నకు పిలుపు వచ్చిందన్న సంగతి ఊరంతా పాకింది. సున్నా ఉన్నవాడికి ఇంటర్వ్యూ వచ్చిందట. ఇక నిరుద్యోగులందరూ తమను అనుసరించేవాళ్ల ఇళ్లకు వెళ్లి బతిమాలడం మొదలుపెట్టారు. "అన్నా, నీ లైకు వెనక్కి తీసుకో, నా జీవితం నిలబెట్టు" అని ఒకబ్బాయి మా నాయన కాళ్లు పట్టుకోబోయాడు. లైకు వెనక్కి తీసుకున్నట్టు కూడా ధ్రువపత్రం కావాలని ఆఫీసు ప్రకటించింది. మళ్లీ ఆకుపచ్చ ఇంకు అయిపోయింది.

సూచిక పడిపోతూ ఉంటే సారు కంగారుపడ్డారు. ఇరవై ఎనిమిదో తేదీన నన్ను పిలిపించారు.

"మన కార్యాలయ విశిష్టత మీద ఒక పోస్టు పెట్టండి. తక్షణం."

"ఏం పెట్టాలి సార్?"

"మీరు ప్రతిదినము పెట్టేదే. కార్యాలయానికి అన్వయించి పెట్టండి."

నేను చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషిని. వెళ్లి పరీక్ష పెట్టె తెచ్చుకున్నాను. వరండాలో మంచినీళ్ల మిషను పక్కన స్టీలు డ్రమ్ము ఉంది. ప్లగ్గు పీకిన నాటి నుంచి అటెండరు బోరు నీళ్లే పట్టి ఆ డ్రమ్ములో పోస్తున్నాడు. సారు గదిలోకి వెళ్లేదీ అదే. గొట్టంలో పట్టి మందు వేశాను. నేను జిల్లాలో నూటా పది వీధుల నీళ్లు చూశాను. అంత ముదురు పసుపు ఎక్కడా చూడలేదు.

జిలానీ గారు మంచినీళ్ల గ్లాసు నోటి దాకా తెచ్చి, ఆపి, బల్ల మీద పెట్టారు.

"సారుకు చూపించి పెడతాను సార్" అన్నాను.

ఆయన సర్క్యులర్ తీసి తిరగేశారు. "ఈ రూల్సులో పోస్టు పెట్టినాక, లైకులొచ్చినాకే ధ్రువీకరణ అమ్మా. ముందుగా చూపించేదానికి ఫారం లేదు."

రింగ్ లైట్ వెలుగులోనే ఫోటో తీశాను. రంగు బాగా తెలిసింది. "జిల్లా ఉపాధి కార్యాలయం. ముదురు పసుపు. తాగొద్దు. మంచినీళ్ల మిషను ఉంది, ప్లగ్గుకు ఈ ఫోటో తీసిన దీపం పెట్టారు" అని రాశాను. ఉన్నది ఉన్నట్టు రాయడమే నాకు తెలిసింది.

తెల్లారేసరికి నలభై వేల మంది చూశారు. కార్డు రెన్యువల్‌కు వచ్చేవాళ్లంతా ఇంటి నుంచి నీళ్ల సీసాలు తెచ్చుకుని, వాటిని ఎత్తి చూపిస్తూ వరసలో నిలబడ్డారు. రాజధాని నుంచి ఫోను వచ్చింది. ఎవరు చేశారో నాకు తెలియదు. సారు నిలబడి మాట్లాడారు. మాట్లాడినంత సేపూ "కనిపించింది సార్, కనిపించింది సార్" అంటూనే ఉన్నారు.

ఫోను పెట్టేసి నన్నూ జిలానీ గారినీ పిలిచారు.

"ఈ అభ్యర్థిని పేరును రిజిస్టరు నుండి తక్షణం తొలగించండి. నేటి నుండి ఆమె మన నిరుద్యోగి కాదు."

"తొలగిస్తా సార్" అని జిలానీ గారు అట్ట ఊడిపోయిన పాత రూల్సు పుస్తకం తెరిచారు. "పేరు కొట్టెయ్యాలంటే దార్లు రెండే ఉండాయి సార్. ఒకటి, అభ్యర్థి చనిపోయుండాల."

సారు నా వైపు చూశారు. నేను నిలబడే ఉన్నాను.

"దానికి మరణ ధ్రువపత్రం కావాల సార్. మున్సిపాలిటీలో ఇరవై ఒక్క రోజులు పడుద్ది. అభ్యర్థి సహకరించాల గూడా."

"రెండవది?"

"ఉద్యోగం వచ్చుండాల. ఇదైతే రేపు సాయంత్రానికే అయిపోతుంది సార్. నీటి పరీక్షా కేంద్రం వాళ్లకు రేపే ఆఖరు."

"పొడిగింపు ఉత్తర్వు ఉన్నది కదా?"

"రద్దు చేస్తే సరిపోతుంది సార్. రాసే తెచ్చినా."

ఆయన కాగితం ముందుకు జరిపారు. "కుమారి భ్రమరాంబ నిరుద్యోగమును, పరిపాలనా కారణముల రీత్యా, ఇందుమూలముగా రద్దు చేయడమైనది" అని ఉంది. సారు కలం తీశారు. ఆకుపచ్చ ఇంకు లేదు. జిలానీ గారు జేబులోంచి కొత్త సీసా తీసి మూత తిప్పి పెట్టారు. సొంత డబ్బుతో కొనుక్కొచ్చారని తర్వాత తెలిసింది.

ముప్ఫయ్యో తేదీన విశాలాక్షి మేడం నన్ను ఒకటే ప్రశ్న అడిగారు. "రంగు పసుపుకూ గులాబీకీ మధ్యలో ఆగిపోతే ఏం చేస్తావు?"

"ఇంకోసారి చేస్తాను మేడం. మళ్లీ అట్లాగే వస్తే, తాగొద్దనే చెప్తాను."

ఆమె రిజిస్టరు తిప్పి సంతకం చేయమన్నారు. ఆమె సహాయకుడు ఇంకో కాగితం ఇచ్చాడు. అందులో కొత్తగా చేరే ఉద్యోగులు సామాజిక మాధ్యమాల ఖాతాలన్నీ మూసివేసి, మూసినట్టు ప్రింటు దాఖలు చేయాలని ఉంది. చదివి మేడం వైపు చూశాను.

"రూలు నాది కాదమ్మా" అన్నారు ఆమె. "వీధుల పట్టిక మాత్రం మనదే. ఇకనుంచి గోడ మీద అతికిద్దాం. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు."

ఇంటికొచ్చి ఫోను పట్టుకుని కూర్చున్నాను. నూటా పది వీధులు. నలభై వేల మంది. ఖాతా మూయడానికి కారణం చెప్పమని అడిగింది. ఆరు కారణాలు చూపించి ఒకటి ఎంచుకోమంది. సమయం వృథా అవుతోంది, నిద్ర పట్టడం లేదు, ఎవరో వేధిస్తున్నారు, ఇలాంటివి. ఉద్యోగం వచ్చింది అన్నది వాటిలో లేదు.

అమ్మ ఆ రోజు షెడ్డు నుంచి ఆఖరిసారి వచ్చింది. లెక్క చూసుకుని వస్తూ, మూల విరిగి అమ్మకానికి పనికిరాని పలక ఒకటి చంకలో పెట్టుకొచ్చింది. నా పక్కన కూర్చుని ఫోనులోకి చూసింది.

"ఇదంతా చెరిగిపోతుందా?"

"చెరిగిపోతుందమ్మా."

"ఎవురు తాగాల్నో ఎవురు తాగగూడదో వాళ్లకు తెలిసిపొయ్యింది గదా. పాఠం వచ్చినాక పలక తుడుస్తారు. ఇందులో ఏడ్చేదేముంది?"

ఆరో కారణం 'ఇతరములు'. దాన్ని నొక్కాను. మూల విరిగిన పలక మీద నాయన "మోటార్లు ఇక్కడ" అని రాసి షాపు ముందు పెట్టాడు. ఇరవై ఏళ్లలో మా షాపుకు అదే మొదటి బోర్డు. చెంచయ్యన్న దాన్ని చూసి, "చిన్నాయనా, నువ్వు గూడా కనిపించడం మొదలుపెట్టినావా" అన్నాడు. చెంచయ్యన్న ఇప్పుడు హైస్కూలుకు నీళ్ల ట్యాంకరు తోలుతున్నాడు. ఆ పని ఎవరూ పంపితే వచ్చింది కాదు. స్కూలు తల్లులు బజారులో ఆయన్ను చూసి పిలిచారు. అనుభవం గడిలో ఇంకా ఏమీ రాయలేదట.

ల్యాబులో చేరిన మూడో రోజున నా బల్ల మీదకు మొదటి అధికారిక నమూనా వచ్చింది. లక్క సీలు వేసిన సీసా. పంపినవారు: జిల్లా ఉపాధి అధికారి. కవరు మీద 'అత్యంత గోప్యము' అని ఉంది. సీలు విప్పి, మందు వేసి, రంగు చూశాను. ముదురు పసుపు. ఇంకోసారి చేశాను. అదే. "తాగుటకు పనికిరాదు. మిషను తక్షణం పనిచేయించగలరు" అని నివేదిక రాసి పంపాను.

వారానికి జవాబు వచ్చింది. ఆఫీసు కాగితం మీద, నంబరు వేసి, తేదీ వేసి, ముద్ర కొట్టి ఉంది.

"మీ నివేదిక అందినది. పరిశీలించి, లైకు చేయడమైనది."

కింద ఆకుపచ్చ సంతకం. ఆ సంతకం కింద పెన్సిలుతో చిన్న అక్షరాల్లో, జిలానీ గారి రాత:

"ప్లగ్గుకు ఇంకా దీపమే ఉంది తల్లీ. నేను ఇంటి నుంచి తెచ్చుకుంటుండా."